డీల్ లాయర్ ఏం చేస్తారు? రాజాం జూట్ మిల్లు నుంచి 10,780 కోట్ల సంతకం దాకా

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, మాది చీపురుపల్లి దగ్గర. బీటెక్ అయిపోయింది, జాబ్ లేదు, ఎల్ఎల్‌బీ చేద్దామనుకుంటున్నా. మా నాన్న మాత్రం 'కోర్టు చుట్టూ తిరిగి నల్లకోటు అరగదీసుకుంటావా' అంటున్నారు. కార్పొరేట్ లాయర్ అంటే నిజంగా డబ్బులొస్తాయా?" అని.

దీని మీద మాట్లాడాలని నాకు చాలా రోజుల్నుంచి ఉంది. కానీ మాట్లాడాలంటే నా కథ ఒకటి చెప్పాలి, అది చెప్పడానికి సిగ్గుపడి ఆగాను. ఈరోజు చెప్పేస్తాను.

మీలో చాలామందికి తెలుసు, వీడియోలు మొదలెట్టక ముందు నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఆ మధ్యలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఒక చిన్న స్టార్టప్ కూడా పెట్టాను. ముగ్గురం ఈ రెండు జిల్లాల వాళ్లమే. ఒక ఇన్వెస్టర్ 40 లక్షలు పెట్టాడు, 20 శాతం వాటా తీసుకున్నాడు. పేరు చెప్పను, అది ఇక్కడ ముఖ్యం కాదు. ఆయన పంపిన అగ్రిమెంట్ అరవై పేజీల పైన ఉంది. చదివే పని నాది, ఎందుకంటే ముగ్గురిలో నా ఇంగ్లీషే కొంచెం బాగుంటుందని అందరూ అనుకునేవారు. నేనేం చేశాను? ఫోన్లో పీడీఎఫ్ ఓపెన్ చేసి, వేలితో కిందకి లాగి, "అంతా ఓకేరా" అన్నాను. యాప్ డౌన్‌లోడ్ చేసినప్పుడు "ఐ అగ్రీ" కొడతాం చూడండి, అచ్చం అలాగే.

రెండేళ్లయ్యాక కంపెనీ అమ్మాల్సి వచ్చింది. కోటీ పది లక్షలు వచ్చింది. మా లెక్క సింపుల్. 80 శాతం మాది కాబట్టి 88 లక్షలు, తలా 29 లక్షల పైన. రాత్రి ఏడు రోడ్ల జంక్షన్లో టిఫిన్ బండి దగ్గర నిలబడి ఈ లెక్క ఫోన్ కాలిక్యులేటర్లో మూడుసార్లు వేసుకున్నాం.

వచ్చింది తలా 8 లక్షలు.

ఎలాగంటారా? ఆ అరవై పేజీల్లో ఒక లైన్ ఉంది. లిక్విడేషన్ ప్రిఫరెన్స్, 2 రెట్లు, పార్టిసిపేటింగ్. అంటే కంపెనీ అమ్మితే ముందు ఇన్వెస్టర్ తన డబ్బుకి రెండింతలు తీసుకుంటాడు, అంటే 80 లక్షలు. మిగిలిన 30 లక్షల్లో మళ్లీ తన 20 శాతం తీసుకుంటాడు, అది 6 లక్షలు. మాకు మిగిలింది 24. ముగ్గురికి పంచితే ఎనిమిదేసి. మోసం ఏమీ లేదు. అంతా కాగితం మీద ఉంది, కింద నా సంతకం ఉంది.

మా ముగ్గురిలో ఒకడు వాళ్లమ్మ బంగారం బ్యాంకులో పెట్టి 11 లక్షలు తెచ్చి కంపెనీలో పెట్టాడు. వాడికి 8 వచ్చాయి. వాడు అప్పట్నుంచీ నాతో మాట్లాడట్లేదు.

సరే. అప్పుడు నేను ఎవరి దగ్గరకి వెళ్లానంటే, మా ఊరి వైపు అక్క ఒకామె ఉంది, ముంబైలో పెద్ద లా ఫర్మ్‌లో పని చేస్తుంది. మెర్జర్లు, ప్రైవేట్ ఈక్విటీ ఆమె పని. "నా పేరు వీడియోలో చెప్పకురా" అంది, చెప్పను. అగ్రిమెంట్ పంపితే ఇరవై నిమిషాల్లో ఫోన్ చేసింది. మొదటి మాట ఏంటంటే, "ఒరే తమ్ముడూ, సంతకం ఎట్టీసినాక అడిగితే ఏటి లాభం రా?" పదేళ్లయింది ముంబై వెళ్లి, కోపం వస్తే మాత్రం మన యాసే.

తర్వాత లెక్క చెప్పింది. అదే లైన్లో 2 బదులు 1 అని, పార్టిసిపేటింగ్ బదులు నాన్ పార్టిసిపేటింగ్ అని రాయించి ఉంటే ఇన్వెస్టర్‌కి 40 లక్షలు, మాకు 70 లక్షలు వచ్చేవి. రెండు మాటలకి 46 లక్షల తేడా. "ఆ రెండు మాటల కోసం కొట్లాడటమే నా ఉద్యోగం" అంది.

డీల్ లాయర్ అంటే ఇదే. ఇప్పుడు కొంచెం వివరంగా చూద్దాం.

మనం సినిమాల్లో చూసే లాయర్ కోర్టులో అరుస్తాడు. ఈ లాయర్లు అసలు కోర్టు మెట్లెక్కడం చాలా తక్కువ. గొడవ జరిగాక వచ్చేవాళ్లు కాదు, గొడవ రాకుండా ముందే కాగితం రాసేవాళ్లు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనడం, రెండు కంపెనీలు ఒకటవడం, దీన్ని ఎం అండ్ ఏ అంటారు. ప్రైవేట్ ఈక్విటీ అంటే, పెద్ద పెద్ద ఫండ్లు కంపెనీలో వాటా కొని, కొన్నేళ్లు పెంచి, ఎక్కువ రేటుకి అమ్ముకుని వెళ్లిపోవడం. "వెళ్లిపోవడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. వాళ్లు లోపలికి వచ్చే రోజే బయటకి వెళ్లే తలుపు ఎక్కడుందో కాగితం మీద రాయించుకుంటారు.

ఎగ్జాంపుల్ కోసం అమెరికా వెళ్లక్కర్లేదు. రాజాం చాలు.

రాజాం మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక విజయనగరం జిల్లా. గ్రంధి మల్లికార్జునరావు గారిది ఆ ఊరే. ఆంధ్రా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. 1978లో జూట్ మిల్లుతో మొదలైన గ్రూపు అది. అదే జీఎంఆర్. 1997లో రాజాంలో పెట్టిన జీఎంఆర్ఐటీలో మీ అన్నో, అక్కో చదివే ఉంటారు. తర్వాత కరెంటు, రోడ్లు, ఢిల్లీ ఎయిర్‌పోర్టు, హైదరాబాద్ ఎయిర్‌పోర్టు. ఇదంతా మీకు తెలిసిన కథే, మోటివేషన్ వీడియోల్లో బోలెడుంది. ఎవరూ చెప్పని సైడ్ ఏంటంటే, ఆ జర్నీ మొత్తం అగ్రిమెంట్ల మీద నడిచింది.

2010, 11 ప్రాంతంలో జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్ కంపెనీలోకి ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లు వచ్చాయి. మక్వారీ ఎస్‌బీఐ, స్టాండర్డ్ చార్టర్డ్ లాంటి పేర్లు. మొత్తం సుమారు 1,480 కోట్లు. మామూలుగా ఇలాంటి ఫండ్లు కొన్నేళ్లలో ఐపీఓ ద్వారానో, ఇంకో దారిలోనో బయటకి వెళ్లాలని చూస్తాయి. ఇక్కడ అది అనుకున్నట్టు జరగలేదు, గొడవ వచ్చింది, ఆర్బిట్రేషన్ దాకా వెళ్లింది. చివరికి 2018లో సుమారు 3,560 కోట్లకి సెటిల్ చేసుకున్నారు. 1,480 ఎక్కడ, 3,560 ఎక్కడ? ఏడెనిమిదేళ్లు గడిచాయి, వాటా విలువ పెరిగింది, అది నిజమే. కానీ ఇలాంటి చోట బయటకి వెళ్లేటప్పుడు ఎవరికి ఎంత, ఎప్పుడు, ఏ లెక్కన అన్నది మొదటి రోజు రాసుకున్న పేజీల నుంచే మొదలవుతుంది. నా 40 లక్షల కథ, ఈ వేల కోట్ల కథ, ఎగ్జిట్ క్లాజు అనే సబ్జెక్టు మాత్రం ఒకటే. సున్నాలే తేడా.

ఇంకా ఇంట్రెస్టింగ్ పార్ట్ తర్వాతది. 2019 మార్చిలో టాటా గ్రూపు, సింగపూర్ ప్రభుత్వ ఫండ్ జీఐసీ, ఎస్ఎస్‌జీ అనే ఇంకో ఫండ్, ముగ్గురూ కలిసి జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో 8,000 కోట్లు పెడతామని ప్రకటించారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. అందరూ అయిపోయిందనుకున్నారు. కానీ డీల్ ప్రకటించడం వేరు, డీల్ పూర్తవడం వేరు. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో విమాన కంపెనీలు పెట్టుకునే వాటా మీద పరిమితి ఉంది. 10 శాతం దాటకూడదు. టాటాలకి అప్పటికే విస్తారా, ఎయిర్‌ఏషియా ఇండియా ఉన్నాయి. అక్కడ చిక్కుపడింది. నెలలు గడిచాయి, డీల్ రూపం మార్చి చూశారు, ఆఖరికి ఆగిపోయింది.

పెళ్లి చూపులయ్యాయి, తాంబూలాలూ అయ్యాయి, కానీ లగ్నం కుదర్లేదు. లాయర్ల భాషలో ఈ మధ్య కాలంలో నెరవేరాల్సిన షరతుల్ని కండిషన్స్ ప్రిసిడెంట్ అంటారు. ఫలానా అనుమతి వస్తేనే డబ్బు చేతులు మారుతుంది, రాకపోతే ఎవరి దారి వాళ్లది. ఆ లిస్టు తయారు చేసేది, ప్రతి లైన్ పక్కన టిక్ పెట్టించేది లాయర్లే. జూనియర్‌గా చేరిన కొత్తలో అక్క చేసిన పని మొత్తం ఆ టిక్కులేనట.

సరే, 2020 ఫిబ్రవరి వచ్చింది. ఈసారి పారిస్ నుంచి గ్రూప్ ఏడీపీ. పారిస్ చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్టు నడిపేది వాళ్లే. 49 శాతానికి 10,780 కోట్లు. రెండు విడతలు. మొదటి విడతలో 24.99 శాతానికి 5,248 కోట్లు ఆ ఫిబ్రవరిలోనే పూర్తయింది. రెండో విడత 5,532 కోట్లు, తర్వాత ఇవ్వాలి.

తర్వాత నెల ఏం జరిగిందో మీకు తెలుసు. 2020 మార్చి. లాక్‌డౌన్. విమానాలన్నీ నేల మీద. ఎయిర్‌పోర్టులో వాటా కొనడానికి ప్రపంచ చరిత్రలో అంతకంటే చెడ్డ నెల ఇంకోటి ఉండదు. మీరు ఏడీపీ వైపు లాయర్ అనుకోండి, ఏం చేస్తారు? జీఎంఆర్ వైపు అనుకోండి, ఏం చేస్తారు? ఒక్క నిమిషం వీడియో పాజ్ చేసి ఆలోచించండి. నేను దీన్ని మా కజిన్స్‌ని అడిగితే ఒకడు "కేసు ఏస్తాను" అన్నాడు, ఇంకోడు "డబ్బు ఇవ్వను" అన్నాడు.

జరిగింది వేరు. జులైలో మళ్లీ కూర్చుని షరతులు మార్చుకున్నారు. రెండో విడతలో ఖాయంగా ఇచ్చేది 4,565 కోట్లకి తగ్గింది. ఇంకో 1,060 కోట్ల దాకా మాత్రం తర్వాతి సంవత్సరాల్లో బిజినెస్ అనుకున్నట్టు నడిస్తేనే అని రాసుకున్నారు. దీన్ని ఎర్న్ అవుట్ అంటారు. కొనేవాడేమో "మీ ఎయిర్‌పోర్టు మళ్లీ ఎప్పుడు కోలుకుంటుందో ఎవరికి తెలుసు" అంటాడు. అమ్మేవాడు "కోలుకుంటుంది, రేటు తగ్గించను" అంటాడు. ఇద్దరిదీ న్యాయమే. అప్పుడు లాయర్ "ఇప్పుడు ఇంత, కోలుకుంటే మిగతాది" అని మధ్యలో ఒక వంతెన కడతాడు. అమ్మేవాడి నమ్మకాన్నే ధరగా మార్చేస్తాడు. రెండు పక్షాలకీ ముందు ముందు కలిసి పని చేయాల్సిన అవసరం ఉంది కదా, కోర్టుకెళ్తే అది పోతుంది.

నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే నచ్చింది ఈ ఒక్క విషయం. కోడింగ్‌లో మనం ఎడ్జ్ కేస్ రాస్తాం చూడండి, నెట్ పోతే ఏంటి, యూజర్ బ్యాక్ కొడితే ఏంటి అని. వీళ్లు మనుషులకి, కంపెనీలకి ఎడ్జ్ కేసులు రాస్తారు. మహమ్మారి వస్తే ఏంటి, ప్రమోటర్ చనిపోతే ఏంటి, అన్నదమ్ములు విడిపోతే ఏంటి. అన్నట్టు, మన దేశంలో బాగా పేరున్న లా ఫర్మ్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ 2015లో ఇద్దరు అన్నదమ్ముల మధ్య రెండుగా విడిపోయింది. ఊరందరికీ అగ్రిమెంట్లు రాసే ఇంట్లోనే! ఇటు జీఎంఆర్ ఫ్యామిలీ మాత్రం ఇంటికే ఒక రాజ్యాంగం రాసుకున్నారు, కుటుంబంలో ఎవరి పాత్ర ఏంటి అని. రాజాం వాళ్లు ఆ విషయంలో ముందున్నారు.

గొడవలు చూసుకునే లాయర్లు వేరే ఉంటారు. మాల్దీవుల్లో మాలె ఎయిర్‌పోర్టు కాంట్రాక్టు 2010లో జీఎంఆర్‌కి వచ్చింది, 2012లో అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. ఆర్బిట్రేషన్‌లో గెలిచి 2016లో సుమారు 27 కోట్ల డాలర్లు రాబట్టుకున్నారు. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా కథ.

ఇప్పుడు డ్యూ డిలిజెన్స్. ఈ మాట వింటే భయపడకండి, మీ ఇంట్లో అందరికీ వచ్చు. మీ నాన్నగారు పొలం కొనేటప్పుడు ఏం చేస్తారు? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. అడంగల్ చూస్తారు. ఊళ్లో వాళ్లని వాకబు చేస్తారు, "ఆ భూమ్మీద తగువేటైనా ఉందా?" అని. డ్యూ డిలిజెన్స్ అంటే కంపెనీకి ఈసీ తీయించడమే. అప్పులెన్ని, కేసులెన్ని, లైసెన్సులు ఎవరి పేరు మీద ఉన్నాయి, స్టాఫ్‌కి పీఎఫ్ కట్టారా, సాఫ్ట్‌వేర్ కోడ్ నిజంగా కంపెనీదేనా. పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీని ఎవరైనా కొనాలనుకుంటే, పొల్యూషన్ బోర్డు అనుమతుల నుంచి పొలాల వాళ్లతో ఉన్న పాత తగాదాల దాకా అన్నీ చదవాలి. వేల పేజీలు. జూనియర్ల కళ్లు పోయేది ఇక్కడే.

చదవకపోతే ఏమవుతుందో మన తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. సత్యం. 2008 డిసెంబర్ 16న సత్యం కంపెనీ మేటాస్ కంపెనీల్ని కొంటానని ప్రకటించింది, ఇన్వెస్టర్లు ఒప్పుకోక గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రామలింగరాజు గారు లెటర్ రాశారు. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ పరిస్థితుల్లో ఆ కంపెనీని కొనాలంటే ఎంత ధైర్యం, ఎంత కాగితం పని ఉండాలో ఊహించండి. ఏప్రిల్లో టెక్ మహీంద్రా షేరు 58 రూపాయలకి 31 శాతం తీసుకుంది. 2013లో పూర్తిగా కలిపేసుకుంది. మా బ్యాచ్‌లో ఎంతమంది ఇళ్లల్లో అప్పుడు అన్నలు, బావలు సత్యంలో ఉన్నారో! ఆ డీల్ నిలబడబట్టి వేలమంది ఉద్యోగాలు నిలబడ్డాయి.

సరే సరే, తమ్ముడి ప్రశ్నకి వస్తాను. డబ్బులొస్తాయా?

పెద్ద ఫర్మ్‌లో క్యాంపస్ నుంచి చేరితే సంవత్సరానికి పదిహేను, ఇరవై లక్షల దగ్గర మొదలవుతుంది. నిజమే. కానీ ఆ సీట్లు చాలా తక్కువ, ఎక్కువ భాగం టాప్ నేషనల్ లా యూనివర్సిటీల వాళ్లకే వెళ్తాయి. ఇంటర్ చదువుతున్న వాళ్లు వినండి. క్లాట్ రాయండి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకి పావు మార్కు కట్. హైదరాబాద్‌లో నల్సార్ ఉంది, 1998లో పెట్టారు. మన పక్కనే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీ ఉంది. ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ ఏదైనా పర్లేదు. మన దగ్గర కాలేజీలు ఈ ఎగ్జామ్ పేరు కూడా చెప్పవు. ఈఏపీసెట్, నీట్ తప్ప ప్రపంచంలో ఇంకేం లేనట్టే ఉంటాయి. నాకు దాని మీద చాలా కోపం ఉంది, ఈరోజు వద్దు.

ఒక ఇబ్బంది ఉంది. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది, తెలుగులో లేదు. అక్క పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంటర్లో రోజూ ఇంగ్లీష్ పేపర్లో ఎడిటోరియల్ ఒకటి చదివి, అర్థాలు నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకునేదట. మొదటిసారి సీటు రాలేదు, రెండోసారి వచ్చింది. మొదటి సంవత్సరం క్లాసులో నోరు తెరవలేదంది. "నా ఇంగ్లీష్‌కి నవ్వుతారని భయం. మూడో సంవత్సరానికి తెలిసింది, కాంట్రాక్ట్‌లో ఎవరూ స్టైల్ ఇంగ్లీష్ రాయరని. పొడి పొడి ముక్కలే. కామా ఎక్కడ పడిందో చూడటం ముఖ్యం."

బీటెక్ అయిన వాళ్లకి మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఉంది, లాసెట్ ద్వారా. రెగ్యులర్‌గా క్లాసులకి వెళ్లాలి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఎల్ఎల్‌బీ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి, దాంతో లాయర్‌గా ఎన్‌రోల్ అవ్వలేరు. డిగ్రీ తర్వాత బార్ కౌన్సిల్ పరీక్ష ఏఐబీఈ రాయాలి. ఈ రూట్లో నేరుగా ముంబై పెద్ద ఫర్మ్‌లో పడటం కష్టం, అబద్ధం చెప్పను. హైదరాబాద్‌లో చిన్న ఫర్మ్, తక్కువ జీతంతో ఇంటర్న్‌షిప్, తర్వాత కంపెనీల లీగల్ టీమ్, ఇలా మెట్లు ఎక్కాలి. కానీ బీటెక్ మీకు అడ్డం కాదు. షేర్ల లెక్కల ఎక్సెల్ షీట్ చూసి పారిపోని లాయర్లు తక్కువ. కోడ్ ఎవరిది, ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఏంటి అని చూడగలిగే లాయర్లు ఇంకా తక్కువ.

ఇక కష్టం సంగతి. డీల్ క్లోజింగ్ వారంలో రాత్రి రెండు, మూడు దాకా పని. ఒకసారి అక్క సిరిమాను సంబరానికి విజయనగరం వచ్చింది. పైడితల్లమ్మ సిరిమాను కోట దగ్గరకి వస్తుంటే జనంలో నిలబడి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఎవరో సింగపూర్ వాళ్లతో ఇండెమ్నిటీ క్లాజు మాట్లాడింది. వాళ్లమ్మ "సాల్లే, అమ్మోరికి దణ్ణం ఎట్టు ముందు" అని ఫోన్ లాక్కుంది. నవ్వుకున్నాం కానీ అక్క కళ్లలో నీళ్లు చూశాను నేను. మూడేళ్లకోసారి వచ్చింది పండక్కి. ఆమె బ్యాచ్‌లో చేరిన వాళ్లలో చాలామంది ఐదేళ్లలో ఫర్మ్ వదిలేశారట.

ఇక్కడి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. భోగాపురం ఎయిర్‌పోర్టు. 2019లో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. హైవే మీద వెళ్తూ ఆ రన్‌వే పనులు చూసి సెల్ఫీలు తీసుకున్నవాళ్లే మీరంతా. ఆ ప్రాజెక్టు కంపెనీలో ఎన్ఐఐఎఫ్ అనే ఫండ్ 675 కోట్లు పెడతామని 2023 డిసెంబర్‌లో ప్రకటించారు. షేర్లుగా కాదు, తప్పనిసరిగా తర్వాత షేర్లుగా మారే డిబెంచర్లుగా. అంటే ఈరోజు అప్పులా కనిపిస్తుంది, రేపు వాటా అవుతుంది. ఎప్పుడు మారుతుంది, ఏ రేటుకి మారుతుంది, మారాక బోర్డులో ఎవరి మాట చెల్లుతుంది? మళ్లీ అవే పేజీలు, అవే క్లాజులు. మన భోగాపురం, మన రాజాం వాళ్ల కంపెనీ. ఆ పేజీలు రాసే బల్ల దగ్గర మన ఊళ్ల పిల్లలు ఎంతమంది కూర్చుంటున్నారు అనేదే నా డౌటు.

చీపురుపల్లి తమ్ముడూ, మీ నాన్నగారికి ఈ వీడియో చూపించు. పొలం డాక్యుమెంట్ల ఎగ్జాంపుల్ దగ్గర్నుంచి చూపించు, ముందు నుంచి వద్దు, నా స్టార్టప్ కథ వింటే ఇంకా భయపడతారు.

మీకు ఎవరైనా టర్మ్ షీట్ పంపితే, జాబ్ బాండ్ పంపితే, సంతకానికి ముందు కామెంట్లో అడగండి. నేను లాయర్‌ని కాదు, సలహా చెప్పను, కానీ అక్కని రెండు నెలలకోసారి లైవ్‌కి ఒప్పించాను, ముఖం చూపించకుండా. అలాంటి అగ్రిమెంట్ చూడటానికి లాయర్‌కి ఎంతవుతుందని నేను అడిగాను. నా అరవై పేజీలకి లక్షలోపే అయ్యేదట.

బంగారం పెట్టిన నా ఫ్రెండ్ ఈ సంవత్సరం లాసెట్ రాశాడని ఎవరో చెప్పారు. ర్యాంకు ఎంతో తెలీదు. ఈ ఎపిసోడ్ లింకు వాడికి పంపిస్తాను. బ్లూ టిక్ పడితే మీకు వచ్చే వారం చెప్తాను. ఉంటాను మరి.